తొంభై, డెబ్బై ఐదు, యాభై, ఇరవై ఐదు

నిజామాబాద్ జిల్లా నందిపేట్‌లో పంట అప్పుల మాఫీ మాట వస్తే "ఎంత?" అని ఎవరూ ముందుగా అడగరు. "ఏ తారీఖు లోపల తీసుకున్నోళ్లకు?" అని అడుగుతారు. ఆ తరవాత "ఇంటికా, మనిషికా?" అంటారు. చివరికి గొంతు కొంచెం పెంచి "మరి కట్టినోళ్ల సంగతేంది?" అంటారు. ఈ మూడు ప్రశ్నలు ఊరికే పుట్టలేదు. 2008లో కేంద్రం చేసిన మాఫీ, 2014లో తెలంగాణ వచ్చినంక చేసిన మాఫీ, 2018 ఎన్నికల హామీగా మొదలై 2023 దాకా సాగిన మాఫీ, 2024 నాటి మాఫీ, ఇన్నింటినీ అనుభవించిన ఊళ్లు ఇవి. తండ్రి జాబితా కాగితం మీద తన పేరు వెతుక్కున్నాడు. పదహారేళ్ల తరవాత కొడుకు అదే పని ఫోన్లో చేశాడు. నిజామాబాద్ యార్డులో పసుపు కొమ్మును విరిచి లోపలి రంగు చూసినట్టు మావాళ్లు మాఫీ ఉత్తర్వును విరిచి చూస్తారు.

చదువు కోసం బ్యాంకులో చేసిన అప్పును సర్కారు తీర్చాలా అన్న చర్చ వచ్చినా ఇవే ప్రశ్నలు ఎదురొస్తాయి. పసుపు, ఎర్రజొన్న, సోయా, వరి పండే మండలం మాది. ఒక పక్క శ్రీరాంసాగర్ వెనక నీళ్లు, ఇంకో పక్క ఆర్మూర్ రోడ్డు. చాలా ఇళ్లల్లో మగవాళ్లు గల్ఫ్‌కు వెళ్లినవాళ్లే, ఆడవాళ్లు బీడీలు చుట్టినవాళ్లే. ఆ డబ్బుతో పిల్లలు డిగ్రీలూ ఇంజనీరింగులూ నర్సింగులూ చదివారు. చాలనిచోట బ్యాంకు అప్పు తోడైంది. ఆ అప్పు మాఫీ కావాలనేవాళ్లున్నారు, వద్దనేవాళ్లున్నారు. వద్దనేవాళ్ల మాట కూడా బరువైనదే. "పొలం అప్పు వాన చేతిల ఉంటది, చదువు అప్పు పిల్లగాని చేతిల ఉంటది" అంటారు. పదో తరగతితో బడి మానేసి బీడీల గంప ముందు కూర్చున్న ఆడపిల్ల కొనే సబ్బు మీద, చక్కెర మీద పన్ను పడుతుంది. ఆ పన్నుతో ఇంజనీరు అప్పు తీర్చడం ఏం న్యాయం అని అడుగుతారు.

నేను మాఫీ కావాలనే పక్షం. అయితే ఈ ప్రశ్నలన్నింటికీ నిలబడే ఉత్తర్వు ఒక్కటైనా ఉందా అని వెతికితే నాకు మన దగ్గర కాదు, కేరళలో కనబడింది. 2017లో అక్కడి ప్రభుత్వం తెచ్చిన విద్యారుణ చెల్లింపు సహాయ పథకం అది. దాని నడుమ నాలుగు అంకెలున్నాయి: 90, 75, 50, 25. వాటిని ఆ వరసలో పేర్చిన చేతి పనితనం నాకు చాలా నచ్చింది. దాన్ని మా ఊరి కొలతలతో కొలిచి చూపించాలని ఈ ప్రయత్నం.

ముందు ఆ కొలతలు ఎక్కడివో చెప్పాలి. 2008 నాటి కేంద్ర మాఫీలో రెండు హెక్టార్ల లోపు, అంటే సుమారు ఐదెకరాల లోపు రైతుకు బాకీ మొత్తం పోయింది. అంతకు మించి భూమి ఉన్నవాళ్లు మూడొంతులు కడితే నాలుగో వంతు తగ్గింది. అయితే గీత తేదీ మీద గీశారు. 2007 మార్చి 31 లోపు తీసుకున్న అప్పు, ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి గడువు దాటి ఉండాలి, 2008 ఫిబ్రవరి 29 దాకా కట్టకుండా ఉండాలి. గడువులోపల కట్టడానికి బంగారం కుదువ పెట్టిన రైతుకు ఏమీ రాలేదు. పక్క చేను ఆసామి కట్టలేదు, ఆయనకు అంతా పోయింది. ఈ ఒక్క సంగతి ఊళ్లల్లో ఎంత చేదు పెంచిందో ఆనాడు సహకార సొసైటీ మెట్ల మీద కూర్చున్నవాళ్లకు తెలుసు.

ఆ చేదును గుర్తించి దానికి మందు వేసింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. మాఫీ వర్తించని, సకాలంలో కట్టిన రైతులకు 5,000 రూపాయల ప్రోత్సాహకం ఇచ్చింది. వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న కాలం అది. 5,000 పెద్ద మొత్తం కాదు. కొందరు రైతులకు పక్కవాడి మాఫీలో అది పదో వంతు కూడా కాదు. అయినా "కట్టినోళ్ల సంగతేంది?" అన్న ప్రశ్నకు ఒక ప్రభుత్వం కాగితం మీద జవాబు రాసిన సందర్భం నాకు తెలిసి మన రాష్ట్రాల్లో అదే. మాఫీల చరిత్ర రాసేవాళ్లు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం మొత్తం పథకంలో చెయ్యి తిరిగిన పని ఇదేననిపిస్తుంది. కట్టినవాడిని బుద్ధిలేనివాడిని చేయకుండా కాపాడింది ఆ 5,000.

2014లో తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి లక్ష దాకా పంట అప్పు మాఫీ చేసింది. ఒకేసారి కాదు, ఏటా నాలుగో వంతు చొప్పున నాలుగు విడతల్లో. ఉత్తర్వులో ఇది ఒక చిన్న మాట. ఊరికి వచ్చేసరికి పెద్దదైంది. మాఫీ అయినట్టు పేరు, అప్పు మాత్రం పాసుబుక్కులో అలాగే ఉంది. మిగిలిన మొత్తం మీద మిత్తి పడుతూనే ఉంది. విడత సొమ్ము కొంత మిత్తికే సరిపోయిందని, కొత్త అప్పు పుట్టలేదని చెప్పుకున్నవాళ్లు ఎందరో. 2024 మాఫీలో పరిమితి 2 లక్షలు. 2018 డిసెంబరు 12 నుంచి 2023 డిసెంబరు 9 దాకా తీసుకున్న లేదా రెన్యువల్ చేసుకున్న పంట అప్పులకు వర్తించింది. కుటుంబం అంటే ఎవరో తేల్చడానికి రేషన్ కార్డు చూశారు. 2 లక్షలకు మించి ఉంటే పై మొత్తం రైతు ముందు కట్టాలి. జులై 18న లక్ష వరకు, జులై నెలాఖరుకు లక్షన్నర వరకు, ఆగస్టు 15న రెండు లక్షల వరకు సొమ్ము వేశారు. ఆ వేగం నిజంగా మెచ్చుకోదగింది. ఇంటికా మనిషికా అన్న ప్రశ్న మాత్రం మళ్లీ లేచింది, ఆ ఆగస్టులోనే ఆర్మూర్‌లో రైతులు రోడ్డెక్కారు.

మాఫీ ఉత్తర్వులో తేదీ గీత ఎక్కడుంది, మిత్తి ఎవరి మీద పడుతుంది, కట్టినవాడి గతేమిటి అన్నవే ఇక్కడి కొలతలు. ఇప్పుడు చదువు అప్పు దగ్గరికి వద్దాం.

మన బ్యాంకుల్లో చదువు అప్పుకు మూలం 2001 నాటి నమూనా పథకం. కెనరా బ్యాంకు అధినేత ఆర్.జె. కామత్ నాయకత్వంలోని అధ్యయన బృందం తయారు చేస్తే భారతీయ బ్యాంకుల సంఘం దాన్ని బ్యాంకులన్నింటికీ ఇచ్చింది. చూడటానికి మామూలు కాగితమే, కానీ దాంట్లో ఆలోచన ఉంది. 4 లక్షల వరకు తాకట్టు లేదు, బయటి జామీను అడగరు, తల్లో తండ్రో తోడు సంతకం చేస్తే చాలు. చదువు నడుస్తున్నంతకాలం, ఆ పైన మరో ఏడాది కిస్తు కట్టనక్కర్లేదు. ఆ విరామంలో పడేది బారువడ్డీ, చక్రవడ్డీ కాదు. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి నోటు రాసిచ్చి పిల్లలను గల్ఫ్ పంపిన ఇళ్లకు ఈ తేడా ఎంతో చెప్పనక్కర్లేదు.

అయినా ఆ విరామం దగ్గరే అప్పు బరువెక్కుతుంది. లెక్క సులువుగా ఉండటానికి ఏడాదికి నూటికి 10 చొప్పున మిత్తి అనుకుందాం. నాలుగేళ్ల కోర్సు, ఏటా లక్ష చొప్పున 4 లక్షలు. మొదటి లక్ష మీద కిస్తులు మొదలయ్యేలోపు ఐదేళ్ల మిత్తి పడుతుంది, 50,000. రెండో లక్ష మీద 40,000, మూడోదాని మీద 30,000, నాలుగోదాని మీద 20,000. మొత్తం 1,40,000. పిల్లవాడు ఒక్క రూపాయి సంపాదించకముందే 4 లక్షల అప్పు 5,40,000 అయి కూర్చుంటుంది. పదేళ్ల గడువు పెట్టుకుంటే నెల కిస్తు 7,136 రూపాయలు. ఆ 1,40,000 లేకుంటే కిస్తు 5,286. నెలకు 1,850 తేడా. హైదరాబాద్‌లో నలుగురితో కలిసి గది అద్దెకు తీసుకుని మొదటి ఉద్యోగం చేసే పిల్లవాడికి అది సగం నెల తిండి ఖర్చు.

ఆ 1,40,000 ను తీసేయడానికి కేంద్రం 2009-10 చదువు సంవత్సరం నుంచి ఒక పథకం నడిపింది. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి, దేశంలోనే సాంకేతిక, వృత్తి విద్యా కోర్సు చదివితే విరామకాలపు మిత్తి మొత్తం కేంద్రమే బ్యాంకుకు కడుతుంది. ఇది కూడా మాఫీయే. మంత్రి చేతుల మీదుగా చెక్కు లేదు, గోడ మీద జాబితా లేదు, తేదీ కోసం ఎదురుచూపు లేదు. అప్పు పుట్టిన రోజునే మాఫీ దానిలో ఇమిడి ఉంది. కట్టినవాడు, కట్టనివాడు అన్న తగువు ఇక్కడ రానే రాదు, ఎందుకంటే ఇంకా ఎవరూ కట్టాల్సిన గడువు రాలేదు. నిశ్శబ్దంగా చేసిన మంచి పని అది. ఒక్క లోపం ఉంది. ఆదాయ ధ్రువపత్రం తెచ్చి బ్యాంకులో ఇస్తేనే రాయితీ వస్తుంది. తహసీల్ ఆఫీసుకు, బ్యాంకుకు మధ్య ఆ ఒక్క కాగితం చేరకపోతే 1,40,000 పిల్లవాడి నెత్తిన పడుతుంది. కాగితం కావాలని చెప్పే మనిషి బ్యాంకు కౌంటర్ దగ్గర ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టి అదృష్టం తేలుతుంది.

దీనికీ తేదీ గీత తగాదా వచ్చింది. పథకం రాకముందు, అంటే 2009 మార్చి 31 లోపు అప్పు తీసుకున్నవాళ్లు బయటే ఉండిపోయారు. ఒకే కాలేజీ, ఒకే ఇంటి అన్నదమ్ములు, ఒకే ఆదాయం, అన్నకు మిత్తి పడింది, తమ్ముడికి పడలేదు. 2014 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి చిదంబరం ఈ తేడాను సరిదిద్దారు. ఆ పాత అప్పుల మీద 2013 డిసెంబరు 31 నాటికి మిగిలిన మిత్తిని ప్రభుత్వం తన మీద వేసుకుంది, 2014 జనవరి 1 నుంచి పడేది మాత్రం విద్యార్థి కట్టాలంది. సుమారు 9 లక్షల మంది, 2,600 కోట్ల రూపాయలు. మన దేశంలో చదువు అప్పుల విషయంలో కేంద్రం ఒక్కసారిగా చేసిన మాఫీల్లో నాకు తెలిసి పెద్దది ఇదే. అయినా దీని గురించి మన దగ్గర ఎక్కడా చర్చ జరగలేదు. రైతు మాఫీకి వచ్చిన చప్పట్లు గానీ తిట్లు గానీ దీనికి రాలేదు. విద్యార్థులు ఊరూరా చెల్లాచెదురుగా ఉంటారు, సొసైటీ మెట్ల మీద కలిసి కూర్చోరు. అభిప్రాయం గట్టిపడటానికి కూడా కలిసి కూర్చునే చోటు కావాలి.

కేరళలో అలాంటి చోటు ఉంది, ఆస్పత్రులు. నర్సింగ్ చదువు కోసం వేలమంది ఆడపిల్లలు బ్యాంకు అప్పులు చేశారు. కర్ణాటకలోనో తమిళనాడులోనో కాలేజీలకు ఫీజులు కట్టి చదివి, తిరిగొచ్చి చాలీచాలని జీతాలకు కుదురుకున్నారు. 2011-12లో మలయాళీ నర్సులు ప్రైవేటు ఆస్పత్రుల్లో సమ్మెలు చేసినప్పుడు జీతంతోపాటు ఈ అప్పుల సంగతి కూడా బయటపడింది. వచ్చే జీతం కిస్తుకే చాలదు. మా దగ్గరి నుంచి గల్ఫ్ పోయేవాళ్లలో కూడా కేరళ నర్సులను అక్కడి ఆస్పత్రుల్లో చూడనివాళ్లు తక్కువ. ఆ అమ్మాయి ఎడారి దేశానికి ఎందుకొచ్చిందో వీళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు, తామూ ఒక అప్పు తీర్చడానికే వచ్చారు.

2017 మేలో పినరయి విజయన్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆర్థిక మంత్రి థామస్ ఐజాక్. కుటుంబ ఆదాయం ఏడాదికి 6 లక్షల లోపు ఉండాలి, అప్పు 9 లక్షలకు మించకూడదు. 900 కోట్ల పథకం. ఇక్కడిదాకా మామూలే. పనితనం తరవాత మొదలవుతుంది. మొండి బాకీగా మారని అప్పుకు కిస్తులు మొదలైన మొదటి ఏడాది 90 శాతం సర్కారు కడుతుంది. రెండో ఏడాది 75. మూడో ఏడాది 50. నాలుగో ఏడాది 25. ఆ తరవాత పూర్తిగా విద్యార్థి బాధ్యత.

ఇంతకుముందు వేసుకున్న లెక్కకే దీన్ని తొడిగి చూద్దాం. 4 లక్షల అప్పు, నెల కిస్తు 5,286, ఏడాదికి 63,432. మొదటి ఏడాది పిల్ల కట్టాల్సింది నెలకు సుమారు 530 రూపాయలు. రెండో ఏడాది 1,320. మూడో ఏడాది 2,640. నాలుగో ఏడాది 3,960. ఐదో ఏడాది నుంచి 5,286. నాలుగేళ్లలో సర్కారు కట్టింది 1,52,000 పైచిలుకు, పిల్ల కట్టింది 1,01,000 పైచిలుకు. ఒక్కో మెట్టు దగ్గర ఆగి చూడండి. మొదటి ఉద్యోగంలో చేరిన పిల్ల చేతికి వచ్చేది తక్కువ, అప్పుడు మెట్టు దాదాపు నేలమట్టం. ఏడాదికో మెట్టు పెరుగుతుంది, జీతం కూడా అలాగే పెరుగుతుందన్న ఆశ మీద. 530 నుంచి ఒక్కసారి 5,286 కు దూకమని ఎవరూ అనరు.

మొదటి ఏడాది 100 కాకుండా 90 పెట్టడం నాకు అన్నింటికంటే నచ్చిన సంగతి. ఆ 10 శాతం మీద సర్కారుకు మిగిలేది ఏమంత లేదు. అయినా ఆ 530 రూపాయలతో పిల్ల బ్యాంకు ఖాతా బతికి ఉంటుంది. నెలనెలా కట్టే అలవాటు పడుతుంది. అప్పు తనదేనని ఆమెకు తెలుసు, సర్కారు చెయ్యి పట్టుకుని నడిపిస్తోందనీ తెలుసు. "కట్టినోళ్ల సంగతేంది?" అని అడిగేవాడికి జవాబు అక్కడే ఉంది. ఈ పిల్ల కూడా కడుతోంది, మొదటి నెల నుంచే కడుతోంది. మాఫీ కావాలంటే ముందు కట్టడం మానేయాలన్న పాఠం 2008 తేదీ గీత నేర్పింది. ఇది ఆ పాఠాన్ని తిరగరాసింది. అప్పు మొండి బాకీ కాకుండా ఉండటమే ఇక్కడ లాభం.

అప్పటికే మొండి బాకీగా మారిన అప్పులకు వేరే దారి పెట్టారు. 2016 మార్చి 31 నాటికి మొండి బాకీగా ఉన్న, 4 లక్షల లోపు అప్పుల్లో 40 శాతం విద్యార్థి కడితే 60 శాతం సర్కారు కడుతుంది. ఇక్కడ పనితనం కొంచెం మోటుగా ఉంది. ఏళ్ల తరబడి కిస్తు కట్టలేనివాళ్లు 40 శాతం ఒక్కసారి ఎక్కడి నుంచి తెస్తారు? మా దగ్గర 2 లక్షలకు పైబడిన మొత్తాన్ని ముందు కట్టమన్నప్పుడు రైతులు పడ్డ ఇబ్బందే ఇది. ఆ 40 ని కూడా మెట్లుగా విడగొట్టి ఉంటే బాగుండేది. అయినా పాత బాకీదారుకూ కొత్త బాకీదారుకూ ఒకే కొలత పెట్టకుండా వేరువేరుగా ఆలోచించారు, అది తక్కువ సంగతి కాదు.

ఇంకో మాట ఉంది ఆ ఉత్తర్వులో. చదువుతుండగానే చనిపోయిన లేదా ప్రమాదంలోనో జబ్బుతోనో వికలాంగులైన విద్యార్థుల అప్పు మొత్తం సర్కారుదే. అక్కడ మెట్లు లేవు, శాతాలు లేవు. తోడు సంతకం పెట్టిన తండ్రిని బ్యాంకు అడగకూడదు.

బీడీ గంప ముందు కూర్చున్న ఆడపిల్ల ప్రశ్నకు ఈ ఉత్తర్వు జవాబు చెబుతుందా? కొంతవరకు చెబుతుంది. ఆరు లక్షల ఆదాయ పరిమితి పెద్ద ఇంజనీరు కుటుంబాన్ని బయట పెడుతుంది. తొమ్మిది లక్షల అప్పు పరిమితి ఖరీదైన సీట్లను బయట పెడుతుంది. మిగిలేది ఆ ఆడపిల్ల ఇంటి పక్క ఇంట్లో, అదే బీడీల డబ్బుతో ఇంటర్ దాకా వచ్చి, ఆ పైన అప్పుతో చదివిన ఇంకో ఆడపిల్ల. వద్దనేవాళ్ల వాదం ఊళ్లో బలంగా వినిపించడానికి కారణం, చదువు అప్పు అనగానే వాళ్ల కళ్ల ముందు అమెరికా విమానం మెదలడం. ఇక "పిల్లగాని చేతిల ఉంటది" అన్న మాటకు బోధన్ పట్టణమే జవాబు. అక్కడి షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మూతపడింది. ఆ జీతాల మీద లెక్క వేసుకుని పిల్లలను పై చదువులకు పంపిన ఇళ్లు దాని చుట్టూ ఉన్నాయి. కొలువు పిల్లవాడి చేతిలో లేదు, తండ్రి చేతిలోనూ లేకుండా పోయింది.

మన వైపు పనితనం అసలే లేదనడం తప్పు. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇదే సమస్యను మొదట్లోనే పట్టుకుంది. అప్పు చేయనివ్వకుండా కాలేజీకి నేరుగా ఫీజు కట్టడం అన్నది మాఫీ కంటే గొప్ప ఆలోచన. మా మండలంలో ఇంటిలో మొదటి ఇంజనీరు, మొదటి ఫార్మసిస్టు ఎక్కువమంది దాని పుణ్యమే. గోదావరి అవతల బాసర ట్రిపుల్ ఐటీ కూడా ఆ కాలపు పనే. అయితే బాగా కట్టిన ఇంటిని బాగుచేస్తూ ఉండాలి. ఈఏపీసెట్‌లో (ఒకప్పటి ఎంసెట్) పదివేల లోపు ర్యాంకు వస్తే తప్ప చాలామంది బీసీ పిల్లలకు ఇంజనీరింగ్ ఫీజులో 35,000 వరకే వస్తుంది, పైది ఇంటివాళ్లు కట్టాలి. కాలేజీ ఫీజులు పెరిగాయి, ఆ 35,000 పెరగలేదు. 2014లో ఫీజు రీయింబర్స్‌మెంట్ స్థానంలో, 1956కు ముందు నుంచి తెలంగాణలో ఉన్న కుటుంబాలకే అన్న షరతుతో ఫాస్ట్ అనే పథకం తేవాలని చూసి, కోర్టులో ప్రశ్నలు ఎదురయ్యాక వదిలేశారు. బకాయిలు పేరుకుని 2025లో ప్రైవేటు కాలేజీలు రెండుసార్లు బంద్‌కు దిగాయి. సర్కారు కాలేజీకి బాకీ, కాలేజీ పిల్లవాడి సర్టిఫికెట్లు ఇవ్వదు, సర్టిఫికెట్లు లేక ఉద్యోగం పోతుంది, చివరికి తండ్రి నోటు రాసి ఫీజు కడతాడు. బ్యాంకు అప్పు కాకుండా ఆపిన పథకమే ఆలస్యం వల్ల చేబదులును పుట్టిస్తోంది.

అమెరికా సంగతి రెండు మాటల్లో చెప్పుకుందాం, మన పిల్లలు అక్కడున్నారు కాబట్టి. 2022 ఆగస్టులో అధ్యక్షుడు బైడెన్ ఒక్కొక్కరికి 10,000 డాలర్ల వరకు, పేద కుటుంబాల నుంచి వచ్చి పెల్ గ్రాంటు పొందినవాళ్లకు 20,000 వరకు సమాఖ్య విద్యారుణాలు రద్దు చేస్తామన్నారు. 2023 జూన్ 30న అక్కడి సుప్రీం కోర్టు 6-3 తేడాతో కొట్టేసింది. దేశం రెండుగా చీలింది. అక్కడ వినబడ్డ వాదాలు నందిపేట్ వాదాలే: కట్టినవాళ్లకేంటి, చదవనివాళ్లకేంటి. ఒక్క వేటుతో అందరికీ ఒకే మొత్తం అన్న చోట ఆ వాదాలకు జవాబు చెప్పే జాగా ఉండదు. ఆస్ట్రేలియా 1989లోనే వేరే దారి పట్టింది. ఒక స్థాయి ఆదాయం దాటేదాకా చదువు అప్పు కట్టనక్కర్లేదు, దాటాక పన్నుతోపాటు కట్టాలి. 2025లో అక్కడి ప్రభుత్వం ఉన్న అప్పులన్నింటినీ 20 శాతం తగ్గించింది, కట్టడం మొదలుపెట్టాల్సిన ఆదాయ గీతను కూడా పైకి జరిపింది. ఇక్కడా కేరళ మెట్ల ఆలోచనే ఉంది, రూపమే వేరు: జీతాన్ని చూసి కిస్తు. అయితే దానికి ప్రతి మనిషి జీతమూ పన్ను శాఖకు కనబడాలి. రోజుకూలీలూ కమీషన్ ఉద్యోగాలూ ఎక్కువున్న మన దేశంలో అది కుదరదు. ఐజాక్ మెట్లు జీతాన్ని అడగవు, ఏడాదిని లెక్కపెడతాయి అంతే. బ్యాంకు గుమాస్తా ఎవరి ఇంటికీ వెళ్లకుండా తన కంప్యూటర్ ముందు కూర్చుని అమలు చేయగలడు. మన పరిస్థితికి సరిపడేలా చెక్కిన పని అది.

తెలంగాణకు అలాంటిది కావాలని నేనంటే, మా ఊళ్లో మొదటి ప్రశ్న తేదీ గురించే వస్తుంది. దానికి నా జవాబు: తేదీ వద్దు. ఫలానా తారీఖు లోపు తీసుకున్న అప్పు అనకుండా, కిస్తులు మొదలైన మొదటి నాలుగేళ్లలో ఉన్న ప్రతి అప్పూ అనాలి. ఈ ఏడాది చేరినవాడికీ వచ్చే ఏడాది చేరేవాడికీ ఒకే దారి ఉంటుంది. ఎన్నికలకు ముందు కట్టడం మానేసి చూసేవాడు ఉండడు. ఇప్పటికే మూడేళ్లు కట్టినవాడికి నాలుగో ఏడాది మెట్టు అందుతుంది. పూర్తిగా కట్టేసినవాడికి 2008 నాటి 5,000 లాంటిది ఒకటి ఉండాలి. ఇంటికా మనిషికా అన్నదానికి మనిషికే అనాలి, అప్పు ఆ మనిషి పేరు మీదే ఉంది కనుక. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ చదివిన ఇంట్లో రేషన్ కార్డు చూపి ఒకరిని తీసేయడం ఉండకూడదు.

విదేశీ చదువుల అప్పులను ఇందులోకి తేవద్దని మావాళ్లు ఎక్కువమంది అంటారు, నేనూ ఒప్పుకుంటాను. చాలావరకు ఇల్లో ప్లాటో కుదువ పెట్టి గానీ, బ్యాంకు కాని ఫైనాన్స్ సంస్థల్లో ఎక్కువ మిత్తికి గానీ తీసుకున్న అప్పులవి. వాటి కిస్తులను ప్రజల పన్నుతో కట్టడానికి ఊరు ఒప్పుకోదు. ఒక్కచోట మాత్రం ఒప్పుకుంటుంది. చదువుకోవడానికి వెళ్లిన పిల్ల శవపేటికలో తిరిగొచ్చిన ఇంట్లో, కుదువ పెట్టిన ఇంటి మీద కిస్తు నోటీసు వచ్చినప్పుడు, ఊళ్లో ఒక్కరు కూడా "కట్టాల్సిందే" అనరు. చనిపోయిన విద్యార్థి అప్పు సర్కారుదే అన్న కేరళ ఉత్తర్వులోని మాటను ముందుగా తెచ్చుకోవచ్చు, మెట్ల గురించి వాదించుకోవడానికి తరవాత టైముంది. దానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. జిల్లాలో అలాంటి ఖాతాలు ఎన్నున్నాయో ముందు బ్యాంకుల నుంచి లెక్క తెప్పించాలి. ఆ పని కలెక్టర్ అధ్యక్షతన జరిగే బ్యాంకర్ల సమావేశంలో ఒక్క పూటలో మొదలుపెట్టొచ్చు.